సీలు తల్లుల సంసారము

సముద్రమనగా మనలో పెక్కండ్రకు తెలిసినది ఒడ్డు మాత్రమే. పర్వదినములలో స్నానమునకు పోయి, మోకాలిలోతు నీటిలో నిలిచి, మూడు మునకలు వేసి, కొంగు పిండుకొని తిరిగి వచ్చెదము. ఆ అలల కావల నేమి జరుగుచున్నదో విచారించు తీరిక మనకు లేదు. విచారింపవలసిన యవసరమున్నదని గూడ తోచదు. కొంతకాలముగా మేము సీలు అను సముద్రజంతువును గూర్చి దొరికినదెల్ల చదువుచున్నాము. చదివిన కొలదిని ఆ జంతువు కథలో మన వంటయిల్లును, గాదెయు, చంటిబిడ్డయు, తుదకు మన వానలును గూడ కానవచ్చినవి. అందుచేత ఈ నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

సీలు చేప కాదు. మనవలెనే గాలి పీల్చి బ్రతుకునది. బిడ్డను కని పాలిచ్చి పెంచునది. కాళ్లు తెడ్లవలె మారియున్నవి. సముద్రసింహములను, వాల్రసులను కూడ కలుపుకొన్నచో ఈ కుటుంబమున 30కి పైబడిన జాతులు కలవు. మన తెలుగు తీరమున నివి కాపురముండవు. ఎక్కువభాగము చలి సముద్రములయందే యుండును. ఈ జంతువు చిక్కంతయు ఒక్క మాటలో చెప్పవచ్చును: దాని తిండి యడుగున నున్నది, ఊపిరి పైన నున్నది, బిడ్డ యొడ్డున నున్నది. ఈ మూటి నడుమ తిరుగుటయే దాని బ్రదుకు. తిండి యెంత లోతున, ఎంత దూరమున దొరకుననునది దాని చేతిలో లేదు. ఆ యేటి సముద్రము చేతిలో నున్నది.

సముద్రమంతయు చూచుటకు ఒక్కటే నీరు. నిజమునకు అది పొరలు పొరలుగా నుండును. పైన ఎండ తగిలిన వెచ్చని నీరు, క్రింద బరువైన చల్లని నీరు. చచ్చిన ప్రాణుల యవశేషములు మెల్లమెల్లగా దిగిపోవుటచే, మొక్కలకు బలమిచ్చు ఎరువుసారము అడుగునీటిలోనే పోగుపడును. పప్పు పొయ్యిమీద పెట్టి గరిటె త్రిప్పకున్నచో పలుకులన్నియు అడుగున పేరుకొని పైన తేటకట్టు నిలుచునని మనకు తెలియును గదా! సముద్రము నట్టిదే. పైన వెలుతురున్నది, సారము లేదు. అడుగున సారమున్నది, వెలుతురు లేదు. ఆ రెండును కలిసినగాని కంటికి కానరాని నీటిమొక్కలు పెరుగవు. అవి పెరిగినగాని వానిని తిను పురుగులును, ఆ పురుగులను తిను చిన్నచేపలును, స్క్విడ్డు లనెడి మెత్తని ప్రాణులును ఉండవు. అవి లేకున్న సీలునకు కూడు లేదు.

ఇందు గరిటె త్రిప్పునది గాలి. కొన్ని తీరములయందు గాలి పైనీటిని ఆవలికి త్రోసివేయగా, ఆ చోటు నింపుటకు అడుగునీరు పైకుబుకును. మన విశాఖపట్టణపు తీరమునను ఎండకాలపు తొలిదినములలో ఇట్లు చల్లనినీరు పైకి వచ్చుట కలదనియు, 1950ల ప్రాంతమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున పరిశోధనము చేసిన లఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానిని వివరించెననియు మేము చదివి సంతసించితిమి.

ఇట్లు ఉబుకు చల్లనినీటిని నమ్ముకొన్న సీళ్ల కాపురమొకటి ముందుగా చూతము. దక్షిణ అమెరికాకు పడమట, ఇంచుమించు 1000 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖపై గాలపాగోస్ దీవులు కలవు. అవి ఈక్వడారు దేశమునకు చెందినవి. భూమధ్యరేఖపై ఎండ యెట్లుండునో చెప్పనక్కరలేదు. అయినను సముద్రగర్భమున తూర్పుముఖముగా వచ్చు నొక చల్లని ప్రవాహము ఆ దీవుల పడమటి ప్రక్కను తాకి పైకి లేచుటచే, అక్కడి నీరు చల్లగాను సారవంతముగాను ఉండును. కనుకనే బొచ్చు సీళ్ల జాతి యొకటి ఆ వేడి ప్రదేశమున గూడ నిలువగలిగినది. బొచ్చు సీళ్లన్నిటిలోను ఇదియే చిన్నది. ఆడుది సుమారు 30 కిలోల బరువుండును.

తల్లి రాళ్ల నీడను ఒక్క పిల్లను కనును. వారము దినములు దాని నంటిపెట్టుకొని యుండి, పిమ్మట వేటకు బయలుదేరును. ఒకటి రెండు దినములలో తిరిగివచ్చి, అరుపును బట్టియు వాసనను బట్టియు తన పిల్లను గుర్తించి, కడుపునిండ పాలిచ్చి, మరల పోవును. ఇట్లు రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు మూడేండ్లును జరుగును. వేట రాత్రివేళనే. పగలు లోతున దాగియుండు చిన్నచేపలును స్క్విడ్లును చీకటి పడగానే పైకి వచ్చును. అందుచేత తల్లి మునక సాధారణముగా 30 మీటర్లకు మించదు. తక్కువ లోతున తిండి దొరికినచో తక్కువ శ్రమ. తక్కువ శ్రమ యైనచో త్వరగా యిల్లు చేరుట.

ఇందొక చిత్రము కలదు. వెన్నెల రాత్రులలో ఆ చిన్నప్రాణులు వెలుతురునకు జడిసి లోతుననే యుండిపోవును. అందుచే పున్నమి దగ్గరపడినపుడు ఈ సీళ్లు ఎక్కువగా ఒడ్డునుండి, అమావాస్య దినములలో ఎక్కువగా వేటకు పోవును. తిథివారములు చూచుకొని ప్రయాణము పెట్టుకొను పెద్దలు మా యింట నుండిరి. పంచాంగము విప్పకయే తిథి నెరిగి గడప దాటు ఈ గృహిణిని తలచుకొని మేము నవ్వుకొంటిమి.

కాని యా నవ్వు నిలువలేదు. తరువాతి పుటలలో 1982వ సంవత్సరపు వృత్తాంతము చదివితిమి. పసిఫిక్ మహాసముద్రమున తూర్పునుండి పడమటికి వీచు గాలులు కొన్ని యేండ్లకొకసారి మందగించును. అప్పుడు పడమట పోగుపడియుండిన వెచ్చనినీరు తూర్పునకు మరలి, చల్లనినీటిపై మూతవలె పరచుకొనును. పెరూ దేశపు జాలరులు ఈ వెచ్చదనము క్రిస్మసు దినములలో కానవచ్చుటను చూచి, బాలయేసు పేరిట దీనికి 'ఎల్ నినో', అనగా పసిబాలుడని పేరుపెట్టిరి. పేరు ముద్దైనదే, పని యట్టిది కాదు. 1982–83లో వచ్చినది ఆ శతాబ్దమున మిక్కిలి బలమైనవానిలో నొకటి. గాలపాగోస్ చుట్టును చల్లనినీరు లోతునకు దిగిపోయెను. దానితో సారము దిగిపోయెను. సారముతో చేపలు పోయినవి.

సీలు తల్లులు మానలేదు. మునుపటివలెనే పిల్లలను కనినవి, మునుపటివలెనే వేటకు పోయినవి. ఒకటి రెండు దినములలో రావలసిన తల్లులు దినముల తరబడి రాలేదు. వచ్చినవి సన్నగిల్లి, పాలు తగ్గి వచ్చినవి. ఒడ్డున పిల్లలు చిక్కి శల్యములైనవి. 1982లో పుట్టిన పిల్లలు ఇంచుమించు అన్నియు చనిపోయినవి. అంతకుముందు రెండేండ్లలో పుట్టి యింకను పాలమీద నున్నవానిలోను పెక్కులు పోయినవి. పెద్దవి గూడ చాల మరణించినవి. మరుసటి యేడు పుట్టిన పిల్లలు మిక్కిలి కొద్ది. ఆ తల్లులలో నొక్కటియు తన ధర్మము తప్పలేదు. వేట మరచిన దొక్కటియు లేదు, పిల్లను మరచిన దొక్కటియు లేదు. నీరు వెచ్చబడినది, అంతియే.

మంచి యేట గూడ ఈ తల్లి సంసారము తేలికైనది కాదు. పెద్దపిల్ల యింకను పాలు మానకముందే చిన్నపిల్ల పుట్టుట తరచు జరుగును. మా పెద్దవానికి రెండేండ్లు నిండకముందే చిన్నది పుట్టినపుడు, వాడు నా చోటు నాదే యని కొంగు పట్టుకొని వేలాడిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. మన యిండ్లలో నయిన అమ్మమ్మ యొడి యుండును, ఆవుపాలుండును, అటుకుల డబ్బా యుండును. సీలు తల్లికి అవి లేవు. నీరు చల్లనై తిండి సమృద్ధిగా నున్న యేట పెద్దపిల్ల త్వరగా ఎదిగి తన తిండి తాను వెదకుకొనును, చిన్నది బ్రతుకును. నీరు వెచ్చనైన యేట పెద్దది పాలు వదలదు. చిన్నదానిని త్రోసివేసి తానే త్రాగును. తల్లి పెద్దదానిని కరచి తరిమి చిన్నదానిని కాపాడ జూచుటయు కలదు. అయినను బలహీనమైనది తరచు ఆకలిచే మరణించును. ఇద్దరి కాకలి, ఒకరికే పాలు: ఆ తీర్పు తల్లి చెప్పునది కాదు, సముద్రము చెప్పునది.

సీళ్లన్నియు నిట్లే రోజుకూలి సంసారము చేయునవి కావు. గాదె నింపుకొని కూర్చుండునవియు కలవు. అమెరికా పడమటితీరమున కాలిఫోర్నియాలో కాన్పునకు వచ్చు ఏనుగు సీళ్లు అట్టివి. వీని మగదానికి తొండమువంటి ముక్కుండుటచే ఆ పేరు వచ్చినది. ఈ జాతి తల్లి నెలల తరబడి ఉత్తర పసిఫిక్‌న వేటాడి క్రొవ్వు కూడబెట్టుకొని, చలికాలమున ఒడ్డు చేరి పిల్లను కనును. పిమ్మట ఇంచుమించు నాలుగు వారములు తాను పచ్చిగంగయు ముట్టక, తన యొంటి క్రొవ్వునే పాలుగా మార్చి త్రాగించును. సుమారు 35 కిలోల పిల్ల ఆ నెలలో సుమారు 130 కిలోలగును. తల్లి తన బరువులో మూడవవంతునకు పైగా పోగొట్టుకొని సముద్రమునకు మరలును.

ఆ గాదె నింపుటకు అది పడు శ్రమ వినదగినది. సుమారు 500 మీటర్ల లోతునకు మునుగును. ఇరువది నిమిషములు ఊపిరి బిగబట్టియుండును. పైకి వచ్చి రెండు మూడు నిమిషములు గాలి పీల్చి మరల మునుగును. పగలు రాత్రి యనక నెలల తరబడి ఇదే పని. పగలు ఎర లోతునకు దిగినచో తానును దిగును. రాత్రి ఎర పైకి వచ్చినచో తానును పైననే వేటాడును. 1700 మీటర్లు దాటి మునిగినవి గూడ కలవు. 2023లో ప్రకటింపబడిన యొక పరిశోధనము వలన, సముద్రముననున్న దినములలో ఈ తల్లులు రోజునకు రెండుగంటలే నిద్రించునని తెలిసినది. అదియు ఒక్కసారి కాదు. నీటిలో మునిగి క్రిందికి జారుచు, పదేసి నిమిషముల కునుకులు తీయును. చంటిబిడ్డల తల్లులు ఈ వాక్యమును చదివి తల యూపుదురని మాకు నమ్మకము.

గాదె యున్న యింటికి ఒక చెడ్డవారము దాటుట కష్టము కాదు. ఏనుగు సీలు లోతునకు పోగలదు, దూరము పోగలదు, ఒకచోట దొరకనిది మరియొకచోట వెదకగలదు. ఒడ్డున పిల్ల ఎదురుచూచుచుండగా తొందరపడి రావలసిన పనిలేదు. గాలపాగోస్ తల్లికి ఆ వెసులుబాటు లేదు. ఈనాటి వేట ఈనాటి పాలు. సముద్రము మారినపుడు మొదట దెబ్బతినునది రోజుకూలి సంసారమే. అయినను గాదె సర్వరక్షకము కాదు. అదే 1983 చలికాలమున కాలిఫోర్నియా తీరమున తుపానులును పెద్ద పోటులును వచ్చి, ఒడ్డుననున్న ఏనుగు సీలు పిల్లలను పెక్కింటిని కెరటములు కొట్టుకొనిపోయినవి.

నీటి యడుగున జరుగు ఈ సంగతులు మనుష్యుల కెట్లు తెలిసినవని మీ రడుగవచ్చును. ఈ విద్యకు మొదటి సాధనము మన వంటయింటినుండియే పోయినది. 1964 ప్రాంతమున జెరాల్డు కూయ్మన్ అను శాస్త్రజ్ఞుడు దక్షిణధ్రువపు మంచుసీమలో వెడ్డెల్ సీళ్లను పరిశీలించెను. అవి మంచుగడ్డలోని కంతలవద్దకు వచ్చి ఊపిరి పీల్చుకొనును. అతడు వంటలో కాలము కొలుచు చిన్న గడియారమొకటి తీసికొని, దానికి మసి పట్టించిన గాజుబిళ్లను అమర్చి, నీటి ఒత్తిడిని బట్టి కదలు సూది ఆ మసిపై గీత గీయునట్లు చేసి, సీలు వీపునకు కట్టి వదలెను. సీలు తిరిగి వచ్చినపుడు, అది యెంత లోతు పోయినది, ఎంతసేపుండినది ఆ గీతయే చెప్పెను.

నేడు ఆ గాజుబిళ్ల చోట చిన్న యంత్రములు వచ్చినవి. దక్షిణ సముద్రమునందలి ఏనుగు సీళ్ల తలపై వెండ్రుకలకు అంటించిన యంత్రము, సీలు మునిగినప్పుడెల్ల నీటి వేడిని, ఉప్పదనమును, లోతును కొలిచి, అది పైకి రాగానే ఆ లెక్కను ఉపగ్రహమునకు పంపును. యేటేట బొచ్చు రాల్చునపుడు యంత్రమును రాలిపోవును. చలికాలమున మంచు కమ్మి ఓడలు చొరలేని చోట్లకు సీళ్లు పోవును. దక్షిణధ్రువ ఖండపు తీరమున కేప్ డార్న్‌లీ యను చోట మిక్కిలి చల్లని, బరువైన నీరు పుట్టి సముద్రపు అట్టడుగునకు దిగుచున్నదని 2013లో శాస్త్రజ్ఞులు వెల్లడించినపుడు, ఆ సాక్ష్యములో సీళ్లు తెచ్చిన లెక్కలును ఉన్నవి. తన కూటికై మునిగిన తల్లి, లోకమునకు సముద్రపు సమాచారము గూడ మోసికొని వచ్చుచున్నది.

ఆ సమాచారముతో మనకేమి పని యందురా? గాలపాగోస్ పిల్లల నోటి పాలు తీసిన ఆ వెచ్చనినీరే మన పొలముల వానను గూడ తీయగలదు. పసిఫిక్ తూర్పుభాగము వేడెక్కిన యేండ్లలో మన నైరుతి వానలు పెక్కుసార్లు వెనుకబడును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన కరవును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిరి. బళ్లారి, కర్నూలు, కడప మండలములయందు జనులు లక్షలకొలది నశించిరి. 1877–78లో పసిఫిక్‌న మహాబలమైన ఎల్ నినో యుండెనని తరువాత తెలిసినది. 1904లో మన దేశపు వాతావరణశాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్టు వాకరు, వానల రాకను ముందుగా చెప్పు మార్గము వెదకుచు, లోకపు నలుమూలల గాలిఒత్తిడి లెక్కలను పోల్చి చూచి, పసిఫిక్‌నకును హిందూమహాసముద్రమునకును నడుమ ఒత్తిడి త్రాసుతట్టలవలె ఒకటి లేవగా ఒకటి దిగుచుండునని కనుగొనెను. ఆ త్రాసునకును ఎల్ నినోకును గల సంబంధమును 1969లో బెర్క్నెస్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. 2009లోను 2015లోను మన దేశమున వానలు తగ్గినవి. అవి ఎల్ నినో యేండ్లే. అయితే ఇది తప్పనిసరి నియమము కాదు: 1997లో బలమైన ఎల్ నినో వచ్చినను మన దేశమున వానలు మొత్తముమీద సరిగానే కురిసినవి. ఇపుడు లోకపు సముద్రములన్నియు నెమ్మదిగా వేడెక్కుచున్నవి. పైనీరు వెచ్చబడిన కొలదిని అడుగునీటితో దాని కలయిక తగ్గుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గరిటె త్రిప్పుట కష్టమగుచున్నదన్నమాట.

ఇదంతయు చదువుచున్న దినములలోనే ఒక పేరంటమున మేము విన్న మాట యొకటి మనసును వదలుట లేదు. మా వీధిలో ఇండ్ల కట్టుబడి పనికి పోవు నొక తల్లి కలదు. తొమ్మిదినెలల బిడ్డను ముసలి అత్తకు అప్పగించి తెల్లవారుజామున పోయి దీపాలవేళకు వచ్చును. "పసిబిడ్డను వదలి పోవుటకు ఆ తల్లికి మనసెట్లొప్పునో! బిడ్డ చూడు, ఎట్లు చిక్కిపోయినాడో!" అని ఒకరనిరి. తక్కినవారు అవునవుననిరి. ఆ సంవత్సరము ఊరిలో పనులు తక్కువ. దగ్గర దొరకని కూలికై ఆమె రెండు బస్సులు మారి పోవుచున్నది. అందుచే రాక ఆలస్యము. అందుచే బిడ్డకు పాలు తక్కువ. మేము ఈ సంగతి చెప్పి, గాలపాగోస్ సీలు కథను గూడ రెండు మాటలలో చెప్పితిమి. కొందరు నవ్విరి, ఒకరిద్దరు ఆలోచించిరి. మరునాడు వారిలో నొకరు, పగటివేళ ఆ బిడ్డకు తమ యింట గ్లాసెడు పాలు ఏర్పాటు చేసిరని తెలిసి మాకు మిక్కిలి సంతోషమైనది.

సోదరీమణులారా! బిడ్డ చిక్కినదని చూడగానే తల్లి ప్రేమను కొలుచుట మనకు అలవాటైపోయినది. ప్రేమకు కొరత యుండు తల్లులు ఎక్కడనో ఒకరుందురు గాని, ఆ తల్లి ఎంత దూరము పోవలసి వచ్చినది, ఎంత లోతు మునుగవలసి వచ్చినది, ఆ యేడు నీరు చల్లనో వెచ్చనో ముందుగా విచారింతము. సీళ్లకు పొరుగిల్లు లేదు. తల్లి రాకున్న మరియొక తల్లి సాధారణముగా పాలియ్యదు; పరాయి పిల్ల దరిజేరినచో కరచి తరుమును. ఆ యొక్క విషయమున మాత్రము మనము వానికంటె మెరుగుగా నుండవచ్చును. దానికి శాస్త్రజ్ఞానము అక్కరలేదు. వంటయింటి కిటికీనుండి పొరుగిల్లు కనబడిన చాలును.